డేగల కొండను కాచిన వనిత: రోజలీ ఎడ్జి

డేగ నీడ పెరటిలో పడినంతనే కోడి తన పిల్లలను రెక్కల క్రిందికి పిలుచుకొనును. ఇంటివారు రాళ్ళు రువ్వుదురు. కోడిపిల్లల నెత్తుకొనిపోవు పక్షిపై కనికరమేల యని పలుదేశములవారును చిరకాలము తలచిరి. అట్టి పక్షుల పక్షమున వాదించి, వాటికొక కొండనే ఆశ్రయముగా నొసగిన స్త్రీ చరిత్రమిది.

రోజలీ ఎడ్జి 1877వ సంవత్సరము నవంబరు 3వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున సంపన్న కుటుంబమునందు జన్మించెను. 1909లో జపాను దేశపు యోకొహామా రేవుపట్టణమున ఛార్లెస్ నోయెల్ ఎడ్జి యను ఆంగ్లేయ ఇంజనీరును వివాహమాడి, కొంతకాలము తూర్పుదేశములలో నుండి, స్వదేశమునకు మరలివచ్చెను. ఆ దినములలో న్యూయార్కు రాష్ట్రమున స్త్రీలకు వోటుహక్కు లేదు. ఆ హక్కు కొఱకు పాటుపడు సంఘమున ఆమె చేరి, కరపత్రములు వ్రాయుటయు, సభలలో వెఱపులేక మాటలాడుటయు నేర్చుకొనెను. 1917లో ఆ హక్కు లభించెను. తాను నేర్చిన యీ విద్య మున్ముందు డేగల కక్కఱకు వచ్చునని ఆమె అప్పుడెఱుగదు.

1921లో భర్తతో ఎడబాటు కలిగిన పిదప, నగర మధ్యమందలి సెంట్రల్ పార్కను ఉద్యానవనమునకేగి పక్షులను పరికించుట ఆమెకు అభ్యాసమయ్యెను. 1929 వేసవిలో ఆమె పారిస్ నగరమున నుండగా ఒక చిన్న పుస్తకము టపాలో అందెను. దానిని వ్రాసినవారిలో ముఖ్యుడు విల్లార్డ్ వాన్ నేమ్ అను జంతుశాస్త్రజ్ఞుడు. పక్షిరక్షణకై యేర్పడిన సంఘములే అంతరించుచున్న జాతులను గూర్చి ఉపేక్ష వహించినవని అందు వ్రాయబడియుండెను. రోజలీ ఆడుబాన్ సంఘమున సభ్యురాలు. ఆ యేటి అక్టోబరు 29న జరిగిన సంఘపు వార్షికసభలో ఆమె లేచి నిలిచి, ఈ నిందకు సమాధానమేమని పెద్దల నడిగెను. తగిన ప్రత్యుత్తరము రాకుండుటచే, తానే వేఱొక సంఘమును స్థాపించి, కరపత్రములు అచ్చొత్తించి దేశమెల్ల పంచిపెట్టెను. ఆమె మృదుభాషిణి కాదు. కలహప్రియ యని పలువురు దూషించిరి. మిత్రులును ఒక్కొక్కప్పుడు నొచ్చుకొనిరి. అయినను పూనిన కార్యమును ఆమె విడువలేదు.

పెన్సిల్వేనియా రాష్ట్రమున కిటటిన్నీ యను పొడవైన కొండవరుస యొకటి గలదు. శరత్కాలమున ఉత్తరప్రాంతముల డేగలు, సాళువములు, గ్రద్దలు దక్షిణమునకు వలసపోవును. వాయవ్యమునుండి వీచు గాలి ఆ కొండలకు తాకి పైకెగయును. ఆ గాలిపై రెక్కలు చాచి, వాటిని ఆడింపకయే, ఆ పక్షులు బహుదూరము సాగిపోవును. కొండకొమ్మున నిలిచినవారికి అవి కన్నుల కెదురుగా నగుపడును. ఈ సౌలభ్యమే వాటి పాలిటి మృత్యువయ్యెను. వేటకాండ్రు తుపాకులతో అచట గుమిగూడి, వందలకొలది పక్షులను గుఱిచూచి కూల్చుచుండిరి. గాస్‌హాక్ అను పెద్దడేగను చంపినవారికి 1929 మొదలు ప్రభుత్వమే 5 డాలరుల బహుమానమిచ్చుచుండెను. డేగలలో పెక్కుజాతులు ఎలుకలను, పురుగులను తిని రైతునకు మేలు చేయునని, రెండువేలకు పైగా పక్షుల కడుపులను పరీక్షించి ఫిషర్ అను శాస్త్రజ్ఞుడు 1893లోనే ప్రకటించెను. కాని ఆ మాట విన్నవారు కొలదిమంది.

1932లో రిచర్డ్ పౌ అను యువకుడు ఆ కొండకేగి, చచ్చిన డేగలను నేలపై వరుసలుగా పేర్చి ఛాయాచిత్రములు తీసెను. చూచినవారు నిట్టూర్చిరి గాని పూనుకొన్నవారు లేరు. రోజలీ రెండేండ్లు వేచి చూచెను. 1934లో, తన 56వ యేట, ఆ కొండమీది 1,398 ఎకరములను 500 డాలరులకు కౌలుకు తీసికొనెను. ఆ సొమ్మును వాన్ నేమ్ వద్ద బదులు పుచ్చుకొనెను. సెప్టెంబరులో మారిస్ బ్రౌన్ అను పక్షిశాస్త్రజ్ఞుడును, అతని భార్య ఇర్మాయు కావలికి వచ్చిరి. బ్రౌన్ జీతము కోరక, ఖర్చులు మాత్రమే పుచ్చుకొనుట కొప్పుకొనెను. వేటకాండ్రు తిట్టిరి, బెదరించిరి. దంపతులు చలింపలేదు, ఇర్మా దారి మొదట నిలిచి తుపాకులతో వచ్చినవారిని త్రిప్పి పంపెను. కొండపై కాల్పులు నిలిచెను. 1938లో రోజలీ ఆ భూమిని, దానిని శాశ్వతముగా కాపాడుటకై యేర్పడిన సంఘమునకు అప్పగించెను.

కావలి కాచుటతో బ్రౌన్ తృప్తిపడలేదు. కొండకొమ్మున కూర్చుండి, పోవు ప్రతి పక్షిని జాతివారీగా లెక్కించి వ్రాసికొనెను. తొలియేటి శరత్తుననే ఆ లెక్క పదివేలు దాటెను. మహాయుద్ధకాలమున మూడేండ్లు తప్ప, ఏటేట ఆ లెక్క సాగెను. ఈ పుస్తకములవలన ఏమి ప్రయోజనమని యడిగినవారికి కాలమే బదులు చెప్పెను. 1935 మొదలు 1939 వరకు కనబడిన తెల్లతల గ్రద్దలలో నూటికి నలువది ఆ యేడు పుట్టిన పిల్లలే. 1955 మొదలు 1959 వరకు అవి నూటికి ఇరువదికి దిగజాఱెను. 1957లోనైతే 32 పెద్దపక్షులకు ఒక్క పిల్ల మాత్రమే కానవచ్చెను. పెద్దవి ఎగురుచునే యున్నవి. పిల్లలు పుట్టుట లేదు. 1962లో రేచెల్ కార్సన్ పురుగుమందుల కీడును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ అంకెలను సాక్ష్యముగా చూపెను. డి.డి.టి. అను మందు చేపలద్వారా, చిన్నపక్షులద్వారా వేటపక్షుల శరీరములలో చేరి, వాటి గ్రుడ్ల పెంకును పలుచన చేయుననియు, పొదుగునప్పుడే అవి పగిలిపోవుననియు పిమ్మట తేలెను.

అదే 1962 నవంబరులో ఆడుబాన్ సంఘపు సభకు రోజలీ వెళ్ళగా, ఒకప్పుడు ఆమెతో తగవులాడిన ఆ సంఘమువారే లేచి నిలిచి కరతాళధ్వనులతో ఆదరించిరి. ఆ మాసము 30వ తేదీన, 85వ యేట, ఆమె మరణించెను. 1972లో అమెరికాలో పంటలపై డి.డి.టి. వాడుక నిషేధింపబడెను. డేగలకును ఆ యేడే ఆ దేశమంతట చట్టపు రక్షణ లభించెను. 2007లో తెల్లతల గ్రద్ద, అంతరించు ప్రమాదముగల జాతుల పట్టికనుండి తొలగింపబడెను. ఆ కొండపై లెక్క నేటికిని సాగుచున్నది.

బాలబాలికలారా! రోజలీ ఎడ్జి శాస్త్రజ్ఞురాలు కాదు, అధికారి కాదు. అందఱును చూచి ఊరకున్నదానిని చూచి ఆమె ఊరకుండలేదు. అంతే భేదము. ఒక జాతి అరుదైన పిదప విచారించుటకంటె, మెండుగా నున్నప్పుడే దానిని కాపాడవలెనని ఆమె నమ్మెను. ఆమె ఆ కొండను కాపాడనిచో బ్రౌనునకు కూర్చుండి లెక్కించుటకు చోటు లేకుండెడిది. ఆ లెక్క లేనిచో గ్రద్దల గూళ్ళలోని కీడు ఇంకెంత ఆలస్యముగా బయటపడియుండెడిదో! ఇకమీద ఆకాశమున డేగ తిరుగుచుండగా చూచినప్పుడు, చేతిలోని రాయిని నేల విడిచి, ఒక్క నిమిషము దానిని పరికింపుడు.