జాన్ ఎ. రోబ్లింగ్

జాన్ అగస్టస్ రోబ్లింగ్ (జూన్ 12, 1806 - జూలై 22, 1869) జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ సివిల్ ఇంజనీరు, వేలాడే వంతెనల నిర్మాత. అమెరికాలో ఇనుప తీగల మోకుల (వైర్ రోప్) తయారీకి పునాది వేసినవారిలో ఇతడు ముఖ్యుడు. న్యూయార్క్ నగరములోని బ్రూక్లిన్ వంతెనకు రూపకల్పన చేసిన వ్యక్తిగా ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. మోకు ఎంత బలమైనదైనా దాని చివరలను, అతుకులను సరిగా బిగించనిచో ఆ బలము నిరుపయోగమని ఇతని జీవితములోని అనేక ఘట్టములు తెలియజేస్తాయి.

బాల్యము, విద్యాభ్యాసము

రోబ్లింగ్ అప్పటి ప్రష్యా రాజ్యములోని మ్యూల్‌హౌజెన్ పట్టణములో జన్మించాడు. తండ్రి క్రిస్టోఫ్ పోలికార్పస్ రోబ్లింగ్ పొగాకు దుకాణము నడిపేవాడు. తల్లి ఫ్రీడెరికా డొరోతియా. కుమారుని చదువు విషయములో తల్లి ఎక్కువ పట్టుదల చూపింది. గణితములో ప్రతిభ కనబరచిన రోబ్లింగ్ ఎర్ఫర్ట్ నగరములో ఉంగర్ అనే గణితాచార్యుని పాఠశాలలో చదివి, 1824లో బెర్లిన్‌లోని నిర్మాణశాస్త్ర విద్యాలయములో చేరాడు. అక్కడ వంతెనలు, పునాదులు, జలనిర్మాణములకు సంబంధించిన విషయములను అభ్యసించాడు. తత్త్వవేత్త హెగెల్ ఉపన్యాసములను కూడా విన్నాడని చెబుతారు. తత్త్వశాస్త్రముపై ఆసక్తి ఇతనిని జీవితాంతము విడువలేదు.

చదువు తరువాత వెస్ట్‌ఫాలియా ప్రాంతములో ప్రభుత్వ రహదారుల నిర్మాణములో ఉద్యోగము చేశాడు. ఆ కాలములోనే ఒక వేలాడే వంతెనకు నమూనా సిద్ధము చేసినా అది నిర్మాణానికి నోచుకోలేదు. ప్రభుత్వ శాఖలలో పై అధికారుల అనుమతి లేనిదే ఏ పనీ జరగకపోవడము ఇతనికి నచ్చలేదు.

అమెరికాకు వలస

1831 మే నెలలో సోదరుడు కార్ల్‌తోను, మరికొందరితోను కలిసి రోబ్లింగ్ అమెరికాకు బయలుదేరాడు. ఓడ ఆగస్టులో ఫిలడెల్ఫియా చేరింది. సోదరులిద్దరు పెన్సిల్వేనియా రాష్ట్రములో పిట్స్‌బర్గ్‌కు ఉత్తరాన భూమి కొని, జర్మన్ వలసదారుల కొరకు సాక్సన్‌బర్గ్ అనే గ్రామాన్ని స్థాపించారు. 1836లో రోబ్లింగ్ జోహన్నా హెర్టింగ్‌ను వివాహమాడాడు. వీరికి తొమ్మిదిమంది సంతానము. వారిలో పెద్దవాడైన వాషింగ్టన్ రోబ్లింగ్ 1837లో జన్మించాడు. అదే సంవత్సరము సోదరుడు కార్ల్ మరణించాడు.

వ్యవసాయము రోబ్లింగ్‌కు కలిసిరాలేదు. ఇంజనీరు వృత్తికి తిరిగి వచ్చి కాలువలకు, రైలుమార్గములకు సర్వేలు చేసే పనిలో చేరాడు.

తీగ మోకుల తయారీ

ఆ రోజులలో పెన్సిల్వేనియా కాలువ మార్గానికి అడ్డుగా అలిఘెనీ పర్వతములు ఉండేవి. కాలువ పడవలను పర్వతము దాటించుటకు 1834లో అలిఘెనీ పోర్టేజ్ రైల్వేను ప్రారంభించారు. 36 మైళ్ళ పొడవున్న ఈ మార్గములో పది వాలులు ఉండేవి. ప్రతి వాలు పైభాగాన ఆవిరి యంత్రములుండి, లావైన నార మోకులతో బండ్లను పైకి లాగేవి, క్రిందికి దింపేవి. నార మోకులు ఖరీదైనవి. ఎండకు, వానకు త్వరగా పాడయ్యేవి. వాలు మధ్యలో మోకు తెగితే బండి క్రిందికి దొర్లిపోయేది.

ఇనుప తీగలతో మోకు పేనడము అప్పటికే జర్మనీలో ఆరంభమైనది. హార్జ్ పర్వతములలోని క్లౌస్తాల్‌లో గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ 1834లో మూడు పేటల తీగ మోకును గనిలో ఉపయోగించాడు. ఒక్కొక్క పేటలో నాలుగు తీగలుండేవి. ఈ విషయాన్ని తెలుసుకున్న రోబ్లింగ్, పోర్టేజ్ రైల్వేకు తీగ మోకు తయారుచేసి ఇస్తానని కాలువ అధికారులకు ప్రతిపాదించాడు. సాక్సన్‌బర్గ్‌లో తన ఇంటి వెనుకనున్న పచ్చికబయలులో పొడవైన పేనుడు స్థలము ఏర్పరచి, గ్రామస్థులను కూలికి పెట్టుకొని 1841లో చేతులతోనే మోకులు పేనించాడు. 1842 జూలైలో తీగ మోకుల తయారీ పద్ధతికి, యంత్రానికి పేటెంటు పొందాడు.

తొలి పరీక్షలలో ఒకటి విఫలమైనది. ఇతని జీవితచరిత్రలలో చెప్పే కథనము ప్రకారము, నార మోకుల వ్యాపారానికి నష్టము కలుగుతుందని భయపడినవారి ప్రోద్బలముతో ఎవరో మోకును అతుకు వద్ద రహస్యముగా కోసివేశారు. వాలు మీద తిరిగే మోకు రెండు చివరలు కలిసి వలయముగా ఉండాలి. అది చక్రముల గాడులలో తిరగాలి కనుక అతుకు వద్ద ముడి వేయుటకు గాని, బిగింపులు పెట్టుటకు గాని వీలులేదు. పేటలను విప్పి, ఒక చివరలోని పేటను రెండవ చివరలోని పేట స్థానములో అల్లుతూ చాలా పొడవున కలపవలెను. ఇట్టి అతుకులో ఏ కొద్ది లోపమున్నా మోకు మొత్తము తెగిపోతుంది. కాలువ అధికారులు మరొక అవకాశమివ్వగా, తరువాతి పరీక్షలలో మోకు నిలిచింది. 1840ల చివరినాటికి పోర్టేజ్ రైల్వే వాలులన్నిటిపైనా తీగ మోకులు వచ్చాయి.

తొలి వంతెనలు

1844-45లలో రోబ్లింగ్ పిట్స్‌బర్గ్ వద్ద అలిఘెనీ నదిపై కాలువను మోసే వేలాడే వంతెనను నిర్మించాడు. ఒక్కొక్కటి సుమారు 160 అడుగుల పొడవు గల ఏడు ఖానాలలో నీటితో నిండిన చెక్క తొట్టిని, అందులో పోయే పడవలను ఇనుప తీగల కేబుళ్ళు మోసేవి. 1845 ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదములో మోనంగహీలా నదిపైనున్న చెక్క వంతెన కాలిపోగా, దాని స్థానములో మరొక వేలాడే వంతెనను 1846లో పూర్తిచేశాడు.

వంతెన కేబుల్‌కు, వాలు మీది మోకుకు ఒక ముఖ్యమైన భేదమున్నది. మోకులో తీగలు మెలితిరిగి ఉంటాయి. రోబ్లింగ్ వంతెన కేబుళ్ళలో తీగలు మెలిలేకుండా ఒకదాని ప్రక్కన ఒకటి సమాంతరముగా ఉండి, పైన సన్నని తీగతో గట్టిగా చుట్టబడి ఉంటాయి. కట్ట చివరలో తీగ తెగదు. గాడి గల ఇనుప గుర్రపునాడా వంటి భాగము చుట్టూ తిరిగి వెనుకకు పోతుంది. ఆ భాగమును రాతికట్టడము లోపలి ఇనుప గొలుసుకు మేకుతో కలుపుతారు. గొలుసు అడుగున పెద్ద ఇనుప పలక, దానిపై వేలకొలది టన్నుల రాయి ఉండి లాగుడును ఎదుర్కొంటాయి. దీనినే లంగరు కట్టడము అంటారు. వంతెనల గొలుసులకు లంగరు వేయు పద్ధతికి 1846లోను, తీగలను నది మీదుగా దాటించే సాధనానికి 1847లోను రోబ్లింగ్ పేటెంట్లు పొందాడు.

డెలావేర్ నదిపై లాకవాక్సెన్ వద్ద 1848లో పూర్తయిన కాలువ వంతెన నేటికీ నిలిచి ఉన్నది. అమెరికాలో మిగిలియున్న తీగల వేలాడే వంతెనలలో ఇదే అతి పురాతనమైనది.

ట్రెంటన్ కర్మాగారము

1849 నాటికి రోబ్లింగ్ తన కుటుంబాన్ని, మోకుల కర్మాగారాన్ని న్యూజెర్సీ రాష్ట్రములోని ట్రెంటన్ నగరానికి మార్చాడు. ఆ సంవత్సరమే కర్మాగారములో ఎడమచేయి యంత్రములో చిక్కుకొని తీవ్రముగా గాయపడింది. ఆ చేయి మరల పూర్తిగా స్వాధీనములోకి రాలేదు. రోబ్లింగ్‌కు వైద్యులపై నమ్మకము తక్కువ. జలచికిత్సను గట్టిగా నమ్మేవాడు. క్రమశిక్షణ, సమయపాలన విషయములలో కఠినుడని పేరుండేది. బానిసత్వాన్ని తీవ్రముగా వ్యతిరేకించాడు.

నయాగరా, సిన్సినాటి వంతెనలు

1851లో నయాగరా నది లోయపై రైలు వంతెన నిర్మాణము ప్రారంభించాడు. వేలాడే వంతెన రైలు బరువును, కదలికను తట్టుకోలేదని ఆనాటి ప్రముఖ ఇంజనీర్లు పలువురు భావించేవారు. 1854 మేలో వీలింగ్ వద్దనున్న వేలాడే వంతెన గాలివానకు కూలిపోవడముతో ఆ సందేహములు మరింత బలపడ్డాయి. రోబ్లింగ్ వంతెనకు గట్టి ట్రస్‌లు, వాలుగా సాగే అదనపు తీగ కట్లు అమర్చి ఊగిసలాటను అరికట్టాడు. కేబుళ్ళ గొలుసులను లోయ అంచుల రాతిలో లోతుగా తొలిచిన గోతులలో లంగరు వేశాడు. సుమారు 820 అడుగుల పొడవున్న ఈ ఖానాపై 1855 మార్చిలో తొలి రైలు నడిచింది. 1897లో దాని స్థానములో ఉక్కు కమాను వంతెన నిర్మించేవరకు అది పనిచేసింది.

ఒహైయో నదిపై సిన్సినాటి, కోవింగ్టన్ నగరములను కలిపే వంతెన 1856లో మొదలై, ధనలోటు వలన, అంతర్యుద్ధము వలన పలుమార్లు ఆగి, 1866 డిసెంబరులో పాదచారులకు తెరవబడింది. 1,057 అడుగుల ఈ ఖానా ఆనాడు ప్రపంచములోకెల్లా పొడవైనది. నిర్మాణకాలములోనే 1864లో భార్య జోహన్నా మరణించింది.

బ్రూక్లిన్ వంతెన, మరణము

న్యూయార్క్, బ్రూక్లిన్ నగరముల మధ్య ఈస్ట్ రివర్‌పై వంతెనకు 1867లో రోబ్లింగ్‌ను ప్రధాన ఇంజనీరుగా నియమించారు. ఇతడు సుమారు 1,600 అడుగుల ప్రధాన ఖానాకు నమూనా సిద్ధము చేసి, కేబుళ్ళకు ఇనుమునకు బదులు ఉక్కు తీగను ఎంచుకున్నాడు. అవసరమైన దానికంటే ఆరు రెట్లు బలముండేలా లెక్కలు వేశాడు.

1869 జూన్ 28న బ్రూక్లిన్ వైపు స్తంభము స్థలము నిర్ణయించుటకు ఫెర్రీ రేవు వద్ద నిలిచి ఉండగా, రేవుకు వచ్చిన పడవ ఢీకొని ఇతని పాదము నలిగిపోయింది. కాలివ్రేళ్ళు తొలగించవలసి వచ్చింది. తదుపరి చికిత్సను వైద్యులకు విడువక జలచికిత్స మీదనే ఆధారపడ్డాడు. ధనుర్వాతము సోకి జూలై 22న, 63 ఏళ్ళ వయస్సులో మరణించాడు. అప్పటికి వంతెన నిర్మాణము మొదలు కాలేదు.

మరణానంతరము

కుమారుడు వాషింగ్టన్ రోబ్లింగ్ ప్రధాన ఇంజనీరు బాధ్యతలు స్వీకరించాడు. నదిగర్భములో పునాదులు వేయుటకు వాడిన కైసన్లలోని గాలి పీడనము వలన కలిగిన వ్యాధితో 1872 నుండి మంచము పట్టాడు. ఆయన భార్య ఎమిలీ రోబ్లింగ్ ఆదేశములను పనిస్థలానికి చేరవేస్తూ నిర్మాణాన్ని ముందుకు నడిపింది.

1878 జూన్‌లో న్యూయార్క్ వైపు లంగరు వద్ద ఒక తీగకట్టను దాని స్థానములోనికి దింపుతుండగా, దానిని పట్టియుంచిన తాడు తెగి కట్ట నదిలోనికి దూసుకుపోయింది. ఇద్దరు పనివారు మరణించారు. అదే వేసవిలో తీగ సరఫరాదారు లాయిడ్ హేగ్ చేసిన మోసము బయటపడింది. తనిఖీలో నెగ్గిన మంచి తీగను దారిలో మార్చి నాసిరకము తీగను పంపుతున్నట్లు తేలింది. అప్పటికే కేబుళ్ళలో చేరిన తీగను తీయుట సాధ్యము కాలేదు. ఒక్కొక్క కేబుల్‌కు 150 అదనపు తీగలు చేర్చగా ఆరు రెట్ల బలము అయిదు రెట్లుగా నిలిచింది. తండ్రి లెక్కలలో ముందే విడిచిన ఎడమే వంతెనను కాపాడింది. వంతెన 1883 మే 24న ప్రారంభమైనది.

మోకు చివరల బిగింపు - తరువాతి పరిణామములు

రోబ్లింగ్ కాలములో మోకు చివరను చేతితో అల్లి ఉంగరముగా చేసేవారు. ఇందుకు నైపుణ్యము, సమయము చాలా కావాలి. మోకును బట్టి, పనివాని నేర్పును బట్టి ఇట్టి అల్లికలో మోకు బలములో సాధారణముగా 80 నుండి 90 శాతము నిలుస్తుంది. మోకు చివరి తీగలను విడదీసి, శుభ్రపరచి, గరాటు వంటి సాకెట్‌లో పెట్టి కరిగిన జింకు పోసే పద్ధతిలో దాదాపు పూర్తి బలము దక్కుతుంది. 'యు' ఆకారపు క్లిప్పులు సరిగా బిగిస్తే సుమారు 80 శాతము. క్లిప్పు పీఠము బరువు మోసే వైపు తాడుపై ఉండాలి. తలక్రిందులుగా బిగిస్తే 'యు' కడ్డీ తీగలను నలిపివేస్తుంది.

ఇరవయ్యవ శతాబ్దములో స్వేజింగ్ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. మోకుపై లోహపు గొట్టమును (స్లీవ్) తొడిగి, ప్రెస్‌లో అచ్చుల మధ్య అధిక ఒత్తిడితో నొక్కుతారు. లోహము సాగి తీగల మధ్య సందులలోనికి చేరి గట్టిగా పట్టుకుంటుంది. ముందుగా పేటలను రెండు భాగములుగా విప్పి, ఉంగరముగా ఎదురెదురు దిశలలో తిరిగి అల్లి, ఆపై స్లీవ్ నొక్కితే 90 నుండి 95 శాతము బలము లభిస్తుంది. చిన్న తాళ్ళకు చేతి పనిముట్లు చాలును. లావు మోకులకు హైడ్రాలిక్ ప్రెస్ అవసరము.

ఈ పనిముట్లను ఎంచుకొనునప్పుడు మోకు వ్యాసము, స్లీవ్ కొలత, అచ్చు కొలత మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. స్లీవ్ లోహము మోకు లోహానికి తగినదై ఉండాలి. జింకు పూత మోకుకు అల్యూమినియం స్లీవ్ సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మోకుకు రాగి స్లీవ్ వాడతారు. అల్యూమినియం పెడితే తడిలో తుప్పు త్వరగా పడుతుంది. నడుమ నార ఉన్న మోకు నొక్కుడుకు లొంగి పట్టు సడలుతుంది కనుక, మోకు కొసను గొట్టములో దూర్చి నొక్కే స్వేజ్ సాకెట్లకు అది పనికిరాదు. నొక్కిన తరువాత స్లీవ్ వ్యాసమును కొలగేజితో చూడాలి. కొలత ఎక్కువగా ఉంటే నొక్కుడు చాలలేదని అర్థము. బరువులెత్తే పనికి వాడే ముందు నిర్ణీత బరువుతో లాగి పరీక్షిస్తారు. కంటికి బాగుగా కనిపించినంత మాత్రాన అతుకు బాగున్నట్లు కాదు.

స్మృతి

రోబ్లింగ్ కుమారులు నడిపిన సంస్థ లిఫ్టులకు, గనులకు, వంతెనలకు మోకులు తయారుచేసింది. 1931లో పూర్తయిన జార్జ్ వాషింగ్టన్ వంతెనకు, 1937లో ప్రారంభమైన గోల్డెన్ గేట్ వంతెనకు కేబుళ్ళు ఈ సంస్థవే. 1950ల ప్రారంభములో కుటుంబము సంస్థను విక్రయించింది. ట్రెంటన్‌లోని కాడ్వలాడర్ పార్కులో 1908లో రోబ్లింగ్ విగ్రహమును ప్రతిష్ఠించారు. సిన్సినాటి వంతెనకు 1983లో ఇతని పేరు పెట్టారు.