పదహారో కార్డు గీసిన పమేలా

టారో కార్డులు సినిమాల్లో అయినా చూసే ఉంటారు. కట్టలో మొత్తం 78. అందులో పదహారో నంబరు కార్డు పేరు ‘ది టవర్’. అది వచ్చిందంటే చాలు, జోస్యం చెప్పించుకునేవాళ్ళ మొహం మాడిపోతుంది. నల్లటి ఆకాశం, కొండ కొమ్మున ఎత్తైన బురుజు. పిడుగు పడి దాని నెత్తిన ఉన్న కిరీటం ఎగిరిపోతుంటుంది. మూడు కిటికీల్లోంచి మంటలు. ఇద్దరు మనుషులు తలకిందులుగా పడిపోతుంటారు.

ఈ బొమ్మ గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. బొమ్మ ప్రపంచమంతా తెలుసు, గీసినావిడ పేరు మాత్రం చాలామందికి తెలీదు.

పమేలా 1878 ఫిబ్రవరి 16న లండన్‌లో పుట్టింది. అమ్మానాన్నలు అమెరికన్లు. నాన్నకి జమైకాలో రైలు మార్గం వేసే కంపెనీలో ఉద్యోగం రావడంతో కుటుంబం కింగ్‌స్టన్ చేరింది. సాలీడు అనాన్సీ చేసే జిత్తుల కథలు ఆ పిల్ల అక్కడే వింది. పదిహేనేళ్ళకి బ్రూక్లిన్ వెళ్ళి ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో బొమ్మలు నేర్చుకుంది. 1896లో అమ్మ పోయింది. మరుసటి ఏడు డిగ్రీ చేతికి రాకుండానే కాలేజీ వదిలేసింది. 1899లో నాన్నా పోయాడు. అప్పటికి ఆవిడకి 21 ఏళ్ళు. అదే ఏడు ఆ జమైకా కథల్ని తన బొమ్మలతో పుస్తకంగా తెచ్చింది.

తర్వాత లండన్‌లో ఎలెన్ టెర్రీ నటించే లైసియం నాటక బృందంతో తిరిగింది. ఆ అలవాటేనేమో, ఆవిడ కార్డుల్లో చాలామంది స్టేజీ మీద నిలబడ్డట్టే ఉంటారు. 1903లో సొంతంగా ‘ది గ్రీన్ షీఫ్’ అనే పత్రిక పెట్టి 13 సంచికలు నడిపింది. అచ్చయ్యాక బొమ్మలకి చేత్తో రంగులు వేసేవాళ్ళు. పత్రిక నడపడం అంటే ఏంటో మన క్లబ్‌కి వేరే చెప్పాలా!

1907 జనవరిలో న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తన ఫొటోగ్రఫీ గ్యాలరీలో ఆవిడ బొమ్మల్ని ప్రదర్శించాడు. ఫొటోలు కానివి అక్కడ పెట్టడం అదే మొదలు. అదే నెల 14న భూకంపం వచ్చి, ఆవిడ పెరిగిన కింగ్‌స్టన్ నగరం నేలమట్టమైంది.

ఆ తర్వాత రెండేళ్ళకి వచ్చింది టారో పని. గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘంలో పరిచయమైన ఆర్థర్ వెయిట్ 78 కార్డులకీ బొమ్మలు వేయమన్నాడు. అంతకుముందు చాలా కట్టల్లో చిన్న కార్డుల మీద మన పేకముక్కల్లాగే గుర్తులు మాత్రమే ఉండేవి. పమేలా ప్రతిదానికీ ఒక దృశ్యం గీసింది. కొద్ది నెలల్లో అన్నీ పూర్తిచేసింది. పని కొండంత, డబ్బు గోరంత అన్న అర్థం వచ్చేలా స్టీగ్లిట్జ్‌కి ఉత్తరం కూడా రాసుకుంది. 1909 డిసెంబరులో కార్డులు మార్కెట్లోకి వచ్చాయి. వాటికి స్థిరపడ్డ పేరు రైడర్–వెయిట్. ఒకరు ప్రచురించినవాడు, ఇంకొకరు గీయించినవాడు. ప్రాజెక్టు ఒకరు చేస్తే కవర్ పేజీ మీద ఇంకొకరి పేరు పడటం మనకి కొత్తేం కాదు కదా!

ఇంతకీ టవర్‌కి అర్థం ఏంటి? అబద్ధం మీద కట్టుకున్న ఇల్లు నిలబడదని చెప్తారు. కిరీటం అహంకారం, పిడుగు ఉన్నట్టుండి బయటపడే నిజం. దానికి ముందు కార్డు డెవిల్, తర్వాతది స్టార్. అంటే సంకెళ్ళ తర్వాత కూలడం, కూలిన తర్వాత చుక్కల వెలుగు. కార్డులు భవిష్యత్తు చెప్తాయని నేను నమ్మను గానీ, ఈ వరస మాత్రం బాగుంటుంది.

కానీ పమేలా జీవితాన్ని పక్కన పెట్టి చూస్తే ఈ అర్థం సగమే నిజమనిపిస్తుంది. 1911లో ఆవిడ క్యాథలిక్ మతంలో చేరింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మేనమామో బాబాయో, ఒక బంధువు ఆస్తి కలిసొస్తే కార్న్‌వాల్‌లో ఇల్లు తీసుకుంది. బొమ్మల మీద మళ్ళీ చెప్పుకోదగ్గ డబ్బు రాలేదు. 1951 సెప్టెంబరు 18న బ్యూడ్ అనే ఊళ్ళో చనిపోయింది. మిగిలిన సామానంతా అప్పులకింద వేలం వేశారు. ఇందులో అబద్ధపు పునాది ఏది? అహంకారం ఎక్కడ? పిడుగు గట్టి ఇళ్ళ మీదా పడుతుంది. కూలిన ప్రతివాణ్నీ చూసి, వాడి పునాదే బాలేదులే అనేయడం చాలా తేలిక.

ఒక టవర్ మాత్రం న్యాయంగానే కదిలింది. ఇప్పుడు చాలామంది ఆ కార్డుల్ని రైడర్–వెయిట్–స్మిత్ అంటున్నారు. ఆ మూడో పేరు చేరడానికి దశాబ్దాలు పట్టింది. నిజానికి అది మొదట్నుంచీ అక్కడే ఉంది. ఈసారి టవర్ కార్డు కనబడితే మంటల్ని కాసేపు వదిలేసి కింద మూల చూడండి. పాములా మెలితిరిగిన చిన్న సంతకం కనిపిస్తుంది. అవి పమేలా పొడి అక్షరాలు.