గణితవేత్త అలన్ ట్యూరింగు

కంప్యూటరునకు సిద్ధాంతమును సమకూర్చిన మేధావులలో అలన్ ట్యూరింగు అగ్రగణ్యుడు. ఇతని చరిత్రము మన ప్రాంతపు విద్యార్థులకు రెండు విధముల పఠనీయము. ఇతని తల్లిదండ్రుల జీవితము తెలుగు జిల్లాలతో ముడివడియున్నది. తప్పువలన నష్టము కలుగకముందే దానిని పట్టుకొను మార్గమును ఇతని భావములు చూపినవి.

తండ్రి జూలియస్ ట్యూరింగు ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగిగ మద్రాసు రాజధానికి వచ్చి, బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలోను, పిదప పార్వతీపురము, అనంతపురము, బెజవాడ మున్నగు చోట్లను పనిచేసెను. మన హోసూరు, కృష్ణగిరి సీమయు నాడు ఆ రాజధానిలోనిదే. తల్లి ఎథెల్ సారా 1881లో కోయంబత్తూరు చెంతనున్న పోదనూరులో జన్మించెను. ఆమె తండ్రి మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు. జూలియస్ గంజాము జిల్లా ఛత్రపురమున నుద్యోగించుచుండిన కాలమున, 1912 జూన్ 23వ తేదీన, లండను నగరమున అలన్ జన్మించెను. తల్లిదండ్రులు మరల ఇచటికి రాగా, బాలుడు అన్నతో కూడ ఇంగ్లండులో పరుల యింట పెరిగెను.

1926లో షెర్బోర్ను పాఠశాల తెరచునాటికి ఆ దేశమున సార్వత్రిక సమ్మె వచ్చి రైళ్లు నిలిచిపోయెను. పదమూడేండ్ల అలన్ దాదాపు 60 మైళ్లు సైకిలుపై పోయి బడిలో చేరెను. 1931లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కింగ్సు కళాశాలలో గణితవిద్యార్థి యయ్యెను.

1936లో ఇతడొక గొప్ప వ్యాసమును ప్రకటించెను. అందు కాగితముమీద మాత్రమే యున్న ఒక యంత్రము వర్ణింపబడినది. పొడవైన టేపుపై గుర్తులను చదువుచు, వ్రాయుచు, నియమముల ననుసరించి నడచుటయే దాని పని. అట్టి యంత్రములన్నింటిని అనుకరింపగల సర్వసమర్థ యంత్ర మొకటి కలదని ఇతడు నిరూపించెను. మరొక యంత్రపు వర్ణనను దాని కందించినచో, అది ఆ యంత్రము వలెనే వర్తించును.

రెండవ ప్రపంచయుద్ధమున జర్మను సేనలు ఎనిగ్మా యను యంత్రముతో తమ వార్తలను గూఢలిపిలోనికి మార్చుచుండెను. పోలండు గణితవేత్తలు అంతకుముందే దాని గుట్టు కొంత విప్పియుండిరి. ట్యూరింగు బ్లెచ్లీ పార్కులో చేరి బాంబ్ అను యంత్రమును రూపొందించెను. మొదటిది 1940 మార్చిలో నెలకొల్పబడెను. అందలి చక్రములు అనేక ఎనిగ్మాల నడకను ఒక్కసారిగ అనుకరించుచు, పొసగని అమరికలను త్రోసివేయుచుండెను.

యుద్ధానంతరము ఇతడు కంప్యూటరు నిర్మాణమున నిమగ్నుడై, 1948లో మాంచెస్టరు చేరెను. 1949లో కేంబ్రిడ్జి సభలో, పెద్ద ప్రోగ్రామును సరిచూచుట యెట్లని ప్రసంగించెను. కూడికలో చేతి అంకెలను వ్రాసియుంచినచో ఒక్కొక్క నిలువు వరుసను వేరువేరుగ సరిచూడవచ్చును గదా! అట్లే ప్రోగ్రామునందును నడుమ నడుమ ఏది నిజమై యుండవలెనో వ్రాసియుంచవలెనని ఇతని బోధ. 1952లో, తాను వ్రాసిన చదరంగపు ప్రోగ్రామును నడపగల యంత్రము లేనందున, తానే యంత్రపు స్థానమున కూర్చుండి, కాగితముపై లెక్కించుచు ఒక సహచరునితో ఆడెను. ఒక్కొక్క ఎత్తునకు దాదాపు అరగంట పట్టెను. ఆట ఓడిపోయెను, ప్రోగ్రాము తీరు తెలిసివచ్చెను.

ఆ యేడే, పురుషుల నడుమ ప్రేమసంబంధమును నేరముగ నెంచు నాటి చట్టము క్రింద ఇతనికి శిక్ష పడెను. 1954 జూన్ 7న, 41 యేండ్లకే అకాలమరణము చెందెను. 2013లో బ్రిటిషు రాణి మరణానంతర క్షమాభిక్ష నొసగెను. దేశమును కాచినవానికి న్యాయము అంత ఆలస్యముగ అందెను.

ట్యూరింగు కాలమున నేటి ఫైళ్ల వ్యవస్థ లేదు. అయినను ఒక యంత్రము మరొకదానిని అనుకరింపగలదను ఆ సూత్రము నేటి ప్రోగ్రాము పరీక్షలలో ఉపకరించుచున్నది. పాఠశాల మార్కుల పట్టికలను భద్రపరచు ప్రోగ్రాము నొకదానిని తలపుడు. అసలు పట్టికలమీద దానిని పరీక్షించుట, బావిలో నీళ్లు చాలునో లేదో చూచుటకు ఇంటికి నిప్పు పెట్టుట వంటిది. కావున నిపుణులు కంప్యూటరు మెమరీలో కృత్రిమమైన ఫైళ్ల బీరువా నొకదానిని కల్పింతురు. చదువుటకు, వ్రాయుటకు, తుడిచివేయుటకు అది నిజమైన డిస్కు వలెనే బదులిచ్చును. డిస్కు నిండినదనియు, అనుమతి లేదనియు, వ్రాత నడుమ ఆగినదనియు దానిచేత పలికించి, అప్పుడు పాత పట్టిక చెడక నిలిచెనా యని చూతురు. ముగియగనే ఆ బీరువా మాయమగును. అసలు పట్టికకు హాని కలుగదు. అనుకరణ అసలునకు పూర్తిగ సాటిరాదు గనుక, కడపట నిజమైన డిస్కుమీద నకలు ఫైళ్లతోను పరీక్షింపవలెను.

విద్యార్థులారా! ఇందు మన కొక పట్టింపు కలదు. ఆ బీరువాలో ఇంగ్లీషు పేర్లు మాత్రమే యుంచి పరీక్షించినచో, తెలుగు అక్షరముల యెడ నున్న లోపము దాగియుండి, తుదకు మన పిల్లల పేర్లమీదనే బయటపడును. ఒత్తులును గుణింతములును గల తెలుగు పేరొకటి వ్రాయించి, తిరిగి చదివించి, అక్షరము చెదరలేదని చూచు కన్ను కావలెను. ఆ కన్ను తెలుగు చదివిన మీకే కలదు. గణితమును మాతృభాషను సమముగ నేర్చి, ఆ పనికి మీరు పూనుకొందురు గాక!