గీజర్ వైరు వేడెక్కుతోందా? ‘ఓమ్’ లెక్క తెలుసుకోండి

గీజర్‌ను ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే కాసేపటికి వైరు వేడెక్కుతుంది. ఒక్కోసారి ప్లగ్ దగ్గర కాలిన వాసన కూడా వస్తుంది. ఎందుకిలా? దీని మూలం అర్థం కావాలంటే సుమారు 200 ఏళ్ల కిందటి ఓ స్కూల్ టీచర్ గురించి తెలుసుకోవాలి. ఆయనే జార్జ్ సైమన్ ఓమ్.

తండ్రే తొలి గురువు

ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టారు. తండ్రి తాళాలు తయారుచేసేవారు. సొంతంగా చదువుకున్న ఆయనే కొడుకులకు లెక్కలు నేర్పించారు. యూనివర్సిటీలో చేరాక ఓమ్ డాన్సులు, స్కేటింగ్, బిలియర్డ్స్‌లో పడిపోయారు. తండ్రికి కోపమొచ్చి మూడు సెమిస్టర్లకే చదువు మాన్పించారు. దాంతో స్విట్జర్లాండ్ వెళ్లి లెక్కల టీచర్‌గా చేరారు. అక్కడే సొంతంగా చదువుకుని, తిరిగొచ్చి 1811లో డాక్టరేట్ అందుకున్నారు.

ఏం కనిపెట్టారు?

1817లో కొలోన్ నగరంలోని ఓ స్కూల్లో చేరారు. అక్కడి ల్యాబ్‌లోనే ప్రయోగాలు చేశారు. అప్పటి బ్యాటరీల నుంచి కరెంటు నిలకడగా వచ్చేది కాదు. అందుకే రెండు వేర్వేరు లోహాలను కలిపి, ఒక అతుకును మరిగే నీటి వేడిలో, రెండోదాన్ని మంచులో ఉంచి నిలకడైన కరెంటు రాబట్టారు. రాగి తీగ పొడవు పెరిగేకొద్దీ అందులో పారే కరెంటు తగ్గుతోందని గమనించారు.

ఇంటి మీద ట్యాంకుతో పోల్చి చూడండి. నీటిని తోసే ఒత్తిడి వోల్టు అనుకుంటే, పైపులో పారే నీరు ఆంపియర్. పైపు సన్నగా ఉండటం వల్ల కలిగే అడ్డంకి ఓమ్. వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇదే ఓమ్ నియమం.

ఆలస్యంగా గుర్తింపు

1827లో ఈ వివరాలతో పుస్తకం తెచ్చినా జర్మనీలో పెద్దగా ఆదరణ రాలేదు. ఓమ్ ఉద్యోగం వదులుకుని కొన్నేళ్లు ఇబ్బందులు పడ్డారు. 1833లో న్యూరెంబర్గ్‌లో మళ్లీ ఉద్యోగం దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చింది. కోరుకున్న యూనివర్సిటీ ప్రొఫెసర్ పదవి మ్యూనిక్‌లో 1852లో దక్కింది. రెండేళ్లకే, 1854 జులై 6న కన్నుమూశారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు నిరోధం కొలతకు ఆయన పేరును ఖరారు చేసింది.

మన ఇంట్లో లెక్క ఇదీ

2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అరగంట ఆన్‌లో ఉంటే మీటర్లో ఒక యూనిట్ తిరుగుతుంది. చిన్న సాకెట్, మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు సాధారణంగా 6 ఆంపియర్లకే తయారవుతాయి. సన్నటి వైరులోనూ, వదులుగా ఉన్న ప్లగ్ దగ్గరా నిరోధం ఎక్కువ. అంత కరెంటు అక్కడి నుంచి పారితే వేడి పుడుతుంది. ఆ వేడి లెక్కను ఓమ్ తర్వాత ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ జూల్ తేల్చారు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది.

అందుకే గీజర్‌కు 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగ్గ మందపు వైరు తప్పనిసరి. ప్లగ్ వేడిగా అనిపిస్తే ముందు స్విచ్ ఆపేయండి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.