కోపల్లె హనుమంతరావు గారు – చేతికీ, తలకీ కలిపి చదువు చెప్పిన పెద్దాయన

 

ఈసారి గోడపత్రికలో ఒక మహనీయుని జీవితం రాయాలని నా వంతు వచ్చింది. గాంధీగారిని గురించి, అల్లూరిని గురించి అందరికీ తెలుసు. అందుకని మన పాఠాల్లో అంతగా కనపడని ఒకాయన్ను ఎంచుకున్నాను. ఆయన పేరు కోపల్లె హనుమంతరావు గారు. ఊరు బందరు, అంటే మచిలీపట్నం. మన బిట్రగుంట లాగే అదీ కోస్తా ఊరే.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, పదో తరగతి వాళ్ళమందరం ఇప్పుడు ఒకే మాట అనుకుంటున్నాం. పరీక్షలయ్యాక ఇంటరుకు పోవాలా, ఐ.టి.ఐ.కి పోవాలా అని. పని నేర్చుకునే చదువు మొద్దులకు, పుస్తకం చదువు తెలివిగలోళ్ళకు అని కొందరంటారు. ఈ మాట నిజమా కాదా అని హనుమంతరావు గారు వందేళ్ళ కిందటే ఆలోచించినారు. ఊరికే ఆలోచించడం కాదు, ఒక కాలేజీ పెట్టి చూపించినారు.

ఆయన 1880 ప్రాంతంలో పుట్టినారు. ఎం.ఏ., బి.ఎల్. చదివినారు. ఆ రోజుల్లో బి.ఎల్. అంటే మాటలు కాదు. నల్లకోటు వేసుకుని కోర్టుకు పోతే డబ్బుకు కొదవ ఉండదు. అయినా ఆయన ఆ దారి పట్టలేదు. ఎందుకు?

అప్పటి చదువు సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లీషు దొరలకు ఆఫీసుల్లో లెక్కలు రాసే గుమాస్తాలు కావాలి. బళ్ళు, కాలేజీలు ఎక్కువగా అందుకు తగినట్టే నడిచేవి. పిల్లవాడు బట్టీపట్టి పాసయ్యేవాడు, ఉద్యోగం కోసం అర్జీలు పెట్టేవాడు. ఇంకో పక్క మగ్గాలు మూలపడుతున్నాయి. బందరు అద్దకం బట్టలు ఒకప్పుడు ఓడలెక్కి దేశదేశాలకు పోయేవి. సీమ నుంచి మిల్లు గుడ్డలు వచ్చి పడేసరికి ఆ పనివాళ్ళ నోటికాడ కూడు పోయింది. చదివినోడికి పని రాదు, పని వచ్చినోడికి చదువు లేదు. జబ్బు ఇదీ.

1905లో బెంగాల్ విభజన జరిగింది. వందేమాతరం ఉద్యమం లేచింది. 1906లో కలకత్తాలో జాతీయ విద్యకోసం ఒక మండలి పెట్టినారు. సైన్సు, యంత్రాల పని మనవాళ్ళే మన పిల్లలకు నేర్పాలని అక్కడ మొదలుపెట్టినారు. ఇప్పటి జాదవ్‌పూర్ యూనివర్సిటీ దాన్నుంచి పుట్టిందే. 1907లో బిపిన్‌చంద్రపాల్ గారు మన ఆంధ్రదేశం తిరిగి ఉపన్యాసాలిచ్చినారు. ఆ వేడి బందరుకూ తగిలింది.

బందరులో ముగ్గురు స్నేహితులు ఒకటైనారు. ఒకరు హనుమంతరావు గారు. రెండోవారు కృష్ణాపత్రిక నడిపిన ముట్నూరి కృష్ణారావు గారు. మూడోవారు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు, తరువాత 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టినాయన. ముగ్గురూ పూనుకుని 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించినారు. చందాలు పోగుచేసి నడిపినారు. దాని బరువు ఎక్కువగా మోసింది హనుమంతరావు గారే.

అక్కడ భాష, లెక్కలు, చరిత్ర చెప్పేవారు. దాంతోపాటే వడ్రంగం, నేత, ఇనప పని, చిత్రలేఖనం నేర్పేవారు. మనం గమనించాల్సింది ఇక్కడే. బీదపిల్లలకు ఉలి, షావుకార్ల పిల్లలకు పుస్తకం అని పంచలేదు. తల, చెయ్యి రెండూ ఒకే పిల్లవాడివి గదా, రెంటికీ చదువు కావాల్సిందే అని ఆ కాలేజీ పద్ధతి.

మన జాతీయజెండా రూపశిల్పి పింగళి వెంకయ్య గారు కొన్నేళ్ళు అక్కడ పాఠాలు చెప్పినారు. పత్తి సాగు మీద శ్రద్ధతో పనిచేసి పత్తి వెంకయ్య అని పేరు తెచ్చుకున్నది కూడా ఆయనే. బెంగాల్ నుంచి ప్రమోద్‌కుమార్ ఛటర్జీ గారు వచ్చి బొమ్మలు వేయడం నేర్పినారు. అక్కడ చిత్రకళ నేర్చుకున్న అడివి బాపిరాజు గారు తరువాత ఆ కాలేజీకే ప్రిన్సిపాలు అయినారు.

కష్టాలు లేవా అంటే ఉన్నాయి. సర్కారు చేతికింద ఉండకూడదని పెట్టిన కాలేజీ గనక సర్కారు ఉద్యోగానికి దారి చూపే పట్టా అక్కడ దొరకదు. పట్టా లేని చదువుకు పిల్లల్ని పంపాలంటే ఏ తల్లిదండ్రులైనా వెనకాడతారు. డబ్బుకూ ఇబ్బందే. అయినా ఆయన వెనక్కి తిరిగి కోర్టు మెట్లెక్కలేదు. 1922లో చనిపోయినారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటి రెండేళ్ళు కూడా ఉండదు. ఆయన పోయిన పదిహేనేళ్ళకు, 1937లో, వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారా చదువు చెప్పాలని నయీతాలీం పథకం పెట్టినారు. ఈమధ్య 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం కూడా ఆరో తరగతి నుంచే పిల్లలకు వృత్తిపనులు పరిచయం చేయాలని, పది రోజులు సంచీ లేకుండా బడికి రావాలని చెప్పింది. ఆయన నడిచిన బాటలోకే అందరూ మెల్లగా వస్తున్నారన్నమాట.

ఇప్పుడు నా మాట చెప్తాను. మన బిట్రగుంటలో ఒకప్పుడు పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. ఫిట్టరు పని, బాయిలరు పని చేతులతో నేర్చుకుని సంసారాలు ఈదినోళ్ళు ఎంతోమంది. ఆవిరి ఇంజన్లు పోయినాయి, ఆ పనులూ పోయినాయి. దీన్నిబట్టి నాకు తోచిందేమిటంటే, ఒక్క పనే నేర్చుకుంటే చాలదు. పని మారినప్పుడు కొత్తది నేర్చుకోవడానికి పుస్తకం కావాలి. పుస్తకం ఒక్కటే ఉన్నా చాలదు.

ఇంకో సంగతి. గిరిజన పిల్లలు గదా, వీళ్ళకు ఏదో ఒక పని నేర్పిస్తే చాల్లే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది హనుమంతరావు గారి పద్ధతి కాదు. మనలో డాక్టరు కావాల్సినోళ్ళు డాక్టరే కావాలి. కాకపోతే ఆ డాక్టరుకు ఫ్యూజు వేయడం, తన కుర్చీ తాను బాగుచేసుకోవడం కూడా రావాలి. ఐ.టి.ఐ.కి పోయేవాడికి కథల పుస్తకం చదివే అలవాటు పోకూడదు. ఎవరూ ఎవరికన్నా తక్కువ కాదు.

వార్డెను సార్లకు ఒక మనవి. శనివారం సాయంత్రం ఒక గంట పనికోసం ఇప్పించండి. మనలో చాలామంది అమ్మానాన్నలకు వల అల్లడం వచ్చు, బుట్ట అల్లడం వచ్చు, ఏ ఆకు ఏ రోగానికి పనిచేస్తుందో తెలుసు. వాళ్ళు హాస్టలుకు వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబెట్టకుండా, ఆ గంట మాకు గురువులుగా కూర్చోబెట్టండి. వాళ్ళు చెప్పింది మేం నోటుబుక్కులో రాసుకుంటాం, కొలతలు లెక్కలు వేసుకుంటాం. వల కన్ను ఎంత ఉంటే ఎంత చేప పడుతుందో లెక్క కట్టడం కూడా గణితమే గదా.

ఇట్లు
మీ తోటి విద్యార్థి,
పదో తరగతి