ఊపిరికి కావలి ఉన్న రూపాబాయి

ఈ యేడు మా ఆర్మూర్ల చిన్నమ్మకు ఆపరేషనైంది. పసుపు అమ్మిన పైసలన్నీ దవాఖానకే పాయె. ఊపిరి విడిచినంక తిత్తులు ముడుసుకపోకుండ వెంటిలేటర్ లోపట కొంత గాలి ఒత్తిడి నిలుపుతదని మత్తు డాక్టరమ్మ చెప్పింది. చెప్పుకుంటనే మిషిన్ దిక్కు చూస్తున్నది. నాకు రూపాబాయి ఫర్దూన్‌జీ యాదికొచ్చింది.

ఆమె హైదరాబాద్ పార్సీల బిడ్డ. 1885ల అక్కడి మెడికల్ స్కూల్ల చేరింది. గప్పుడు మిషిన్లు యాడివి? గుడ్డ మీద క్లోరోఫామ్ చుక్కలే. మత్తు ఎక్కువైతే పానం పోవుడే. ఆమె గురువు ఎడ్వర్డ్ లారీ, నాడి కన్న ముందు ఊపిరి చూడుమనేటోడు. నిజాం సర్కార్ 1888, 1889ల జరిపిన క్లోరోఫామ్ పరీక్షలల్ల ఆమె పనిజేసింది. గుండె గూడ ఒక్కసారే ఆగొచ్చని తర్వాత తేలింది గని, ఊపిరి మీదికెల్లి కన్ను తియ్యొద్దన్న పాఠం నిలిచింది. 1909ల ఎడిన్‌బరో పోయి ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివొచ్చింది. చాదర్‌ఘాట్ దవాఖాన సూపరింటెండెంట్‌గ 1920ల రిటైరైంది. ప్రపంచంల మొదటి మహిళా మత్తు డాక్టర్ ఆమెనే అంటరు.

తమ్ముండ్లు, చెల్లెండ్లు! మన దవాఖానలకు వెంటిలేటర్లు అడుగుతున్నం, మంచిదే. పక్కన కూసోని ఊపిరి చూసే మత్తు డాక్టర్‌ను గూడ అడుగుండ్రి. మన ఊరి ఆడపిల్లలు ఆ సదువు సదవాలె.