పాల్ రాబ్సన్: పాటకు పాస్‌పోర్టు

1918లో అమెరికా కళాశాలల మేటి ఫుట్‌బాల్ జట్టుకు ఎంపికైనవాళ్ళు పదకొండుమంది. ముప్పై ఏళ్ళు దాటాక అచ్చయిన ఓ పుస్తకంలో ఆ జట్టులో పదిమందే మిగిలారు! మాయమైన పేరు పాల్ రాబ్సన్‌ది.

1898 ఏప్రిల్ 9న ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి పదిహేనో ఏట బానిసత్వం నుండి పారిపోయి, చదువుకుని, చర్చి బోధకుడైనవాడు. ఆరేళ్ళకే తల్లి నిప్పంటుకుని పోయింది. స్కాలర్‌షిప్పు మీద రట్గర్స్ కాలేజీలో చేరితే తోటి ఆటగాళ్ళే నల్లవాడని ముక్కు పగలగొట్టారు. ఆ జట్టుకే చివరికి ప్రాణమయ్యాడు. కొలంబియాలో లా పట్టా తీసుకుని లాయర్ ఆఫీసులో చేరితే, అక్కడి తెల్ల స్టెనో నల్లవాడు చెప్తే రాసుకోనంది. వకీలు పని అంతటితో సరి. రంగస్థలానికి అదే మేలయింది!

1924లో ఓనీల్ నాటకాలు, మరుసటేడు బానిసల భక్తిగీతాల కచేరీ, 1930లో లండన్‌లో ఒథెల్లో. 1943లో బ్రాడ్వేలో అదే వేషం 296 ప్రదర్శనలు నడిచింది. తెల్ల నటుల నడుమ ఓ నల్లవాడు అక్కడ ఒథెల్లో కట్టడం అదే మొదలు. అంతవరకూ తెల్లవాళ్ళు మొహానికి రంగు పూసుకుని ఆ వేషం కట్టేవారు.

పాడి ఊరుకుంటే ఏ బాధా లేకపోను. నల్లవాళ్ళను చంపే మూకల మీద, వలస పాలన మీద నోరు విప్పాడు. సోవియట్ రష్యాను మెచ్చుకున్నాడు. (స్టాలిన్ అకృత్యాల మీద మాత్రం పెదవి విప్పలేదు, అదీ చెప్పుకోవాల్సిందే.) 1949లో పీక్‌స్కిల్ కచేరీకి వచ్చినవాళ్ళ మీద రాళ్ళ వాన కురిసింది. 1950లో పాస్‌పోర్టు లాక్కున్నారు. హాళ్ళు దొరకలేదు. లక్ష డాలర్లు దాటిన ఏటి రాబడి ఆరు వేలకు దిగింది. ఆ రోజుల్లోనే మన జనగామ తాలూకా బందగీ కథ అల్లుకున్న 'మాభూమి' నాటకాన్నీ నిషేధించారు. పాటకు, ఆటకు జడిసే సర్కార్లు ఎక్కడైనా ఒక్కటే కాబోలు.

ఆయన ఊరుకున్నాడా? 1952లో కెనడా సరిహద్దున లారీ మీద నిలబడి అవతలి జనానికి పాడాడు. 1957లో సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ తీగ గుండా లండన్ సభకు పాట వినిపించాడు. 1958లో అరవయ్యో పుట్టినరోజును మన దేశంలో చాగ్లా అధ్యక్షతన కమిటీ వేసి జరిపారు. నెహ్రూ మద్దతిచ్చాడు. అమెరికా దౌత్యవేత్తలు ఆపమన్నా ఆగలేదు. ఆ ఏడే సుప్రీంకోర్టు తీర్పుతో పాస్‌పోర్టు తిరిగొచ్చింది.

కానీ ఎనిమిదేళ్ళు ఎవరిస్తారు? 1961లో మాస్కోలో మణికట్టు కోసుకున్నాడు. ఆ తర్వాత ఆస్పత్రులు, మౌనం. 1973లో కార్నెగీ హాల్లో డెబ్బై అయిదో పుట్టినరోజు సభకు రాలేక టేపులో మాట పంపాడు. 1976 జనవరి 23న ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు.

కళాశాలల ఫుట్‌బాల్ కీర్తి మందిరంలో ఆయనకు చోటిచ్చింది 1995లో.